కంజంక్షన్ దగ్గర ఆగిన క్లాసు

రోగుల రిపోర్టులు ఇకమీద ఇంగ్లీషులోనే రాయాలని ఆసుపత్రి యాజమాన్యం హుకుం జారీ చేసింది. రాయలేని నర్సులకు సాయంత్రం క్లాసులు పెట్టించింది. పిల్లల వార్డు నర్సు కూడా పేరివ్వక తప్పలేదు. తీరా మీటింగు గదిలో అడుగుపెట్టేసరికి, బోర్డు ముందు మార్కరు పట్టుకుని నిలబడ్డ టీచరు ఆమె సొంత చెల్లెలే.

అమ్మ పోయినప్పటి నుంచీ వాళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. చివరి రోజుల్లో అమ్మకు చాకిరీ అంతా అక్కే చేసింది. చెల్లెలికి మాత్రం కబురు పెట్టలేదు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఖాళీ మంచం, మడతపెట్టిన దుప్పటి మిగిలాయి.

"కూర్చోండి," అంది చెల్లెలు, ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు.

నౌన్ అంటే పేరని చెప్పి, బోర్డు మీద 'ద సిస్టర్ హిడ్ ద ట్రూత్' అని రాసింది. సిస్టర్ నిజం దాచింది. సిస్టర్, ట్రూత్ నౌన్లు. హిడ్ వెర్బు, అంటే పని.

ఆసుపత్రిలో సిస్టరంటే నర్సే. వెనక బెంచీలో ఐసీయూ నర్సు నవ్వింది. "మేడం, సిస్టర్లంటే మీకు పడదా ఏంటి?"

"అందరూ కాదులెండి," అంది టీచరు, అక్క వంక చూడకుండానే.

అక్కకు ఒళ్లు మండింది. అయినా పళ్లబిగువున కూర్చుంది. అడ్జెక్టివ్ అంటే నౌన్ గుణం చెప్పే మాటని వివరించి, తలా ఒక వాక్యం చెప్పమంది టీచరు. అక్క వంతు వచ్చింది.

"మై టీచర్ ఈజ్ ఎ బిజీ డాటర్," అంది.

తీరిక లేని కూతురు. ఆ మాట ఎవరికి తగలాలో వారికే తగిలింది. టీచరు చెవులు ఎర్రబడ్డాయి. "వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు," అంది. గదిలో నవ్వులు ఆగిపోయాయి.

తర్వాత కంజంక్షన్. రెండు వాక్యాలను కలిపే మాట. చెల్లెలు 'యు డిడ్ నాట్ కాల్ మి బికాజ్' అని రాసి, మార్కరు బల్లమీద పడేసింది. నువ్వు నన్ను పిలవలేదు, ఎందుకంటే. "ఇది మీరొచ్చి పూర్తి చేయండి."

అక్క లేచి వెళ్లి రాసింది: 'మదర్ సెడ్ నో'. అమ్మ వద్దంది.

చెల్లెలు ఈ పూటకి చాలని చెప్పి అందరినీ పంపేసింది. ఇద్దరే మిగిలారు.

"అబద్ధం," అంది చెల్లెలు.

"నువ్వొస్తే ఏడుస్తావని, నువ్వు ఏడిస్తే తను చూడలేనని అంది. ఒట్టేయించుకుంది."

"అందనే అనుకో. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అమ్మ వద్దన్న పనులే చేశావు కదే. ఆ ఒక్క మాటే వినాలనిపించిందా నీకు?"

అక్క వెళ్లి కిటికీ రెక్క పట్టుకుని నిలబడింది.

"అవును, వినాలనిపించింది," అంది. "చిన్నప్పటి నుంచీ అమ్మ నీదే. ఇంట్లోకి వస్తే ముందు నిన్నే వెతికేది. ఆ కొన్నాళ్లయినా నన్నొక్కదాన్నే పిలిచింది. ఆ రోజులు నాకే ఉంచేసుకున్నాను."

"సిగ్గు లేదూ చెప్పడానికి?"

"ఉంది. అయినా మళ్లీ అదే చేస్తాను."

చెల్లెలు డస్టరు తీసుకుని బోర్డంతా పరపరా తుడిచేసింది. "రేపటి నుంచి నా క్లాసుకి రాకు. నీ మొహం చూస్తూ పాఠం చెప్పడం నా వల్ల కాదు."

"నా ఉద్యోగం దీంతో ముడిపడి ఉంది. వస్తాను. నువ్వు గోడ వైపు తిరిగి చెప్పుకో."

మర్నాడు అక్క ముందు బెంచీలోనే కూర్చుంది. చెల్లెలు ప్రిపోజిషన్లు చెప్పింది. పుస్తకం బల్ల మీద ఉంది, పిల్లి కుర్చీ కింద ఉంది. ఆ వాక్యాల్లో మనుషులన్నవాళ్లే లేరు.

క్లాసులు అయ్యాక పెట్టిన పరీక్షలో అక్క పాసైంది. చెల్లెలు న్యాయంగానే దిద్దింది. ఒక్క కామా వదల్లేదు, ఒక్క మార్కూ ఎక్కువ వేయలేదు. పేపరు ఐసీయూ నర్సు చేత పంపించింది.

"మేడం దగ్గరికెళ్లి థాంక్స్ చెప్పరా?" అని అడిగింది ఆ నర్సు.

"ఆవిడకి అక్కర్లేదు," అంది అక్క. పేపరు మడిచి జేబులో పెట్టుకుని, ఇంజెక్షన్ల ట్రే తీసుకుని వార్డులోకి వెళ్లిపోయింది.