డాట్ చిటికిపల్లి

ఎల్బీనగర్‌లోని చిటికిపల్లి చేనేత కుటుంబాల సంఘం హాల్లో ఆ సాయంత్రం ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా, ప్రసన్నలక్ష్మికి ముచ్చెమటలు పోస్తున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడిపే మనిషి, సంఘానికి కార్యదర్శి. ఎంతటి బేరగాళ్లనైనా మాటలతో పడగొట్టగలదు గానీ, లాప్‌టాప్ తెర మీద వరసగా కూర్చున్న పరదేశీ పెద్దలను చూడగానే నోరు పిడచకట్టుకుపోయింది.

సంగతేమిటంటే, వెబ్‌సైట్ పేర్ల చివర డాట్ కామ్ ఉన్నట్టే డాట్ చిటికిపల్లి అని పెట్టుకునే హక్కు తనకిమ్మని ముంబైలోని ఒక బట్టల కంపెనీ అడిగింది. ఇచ్చారా, వాళ్ల సొంతూరు చిటికిపల్లిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బతికేవాళ్లు కూడా ఆ పేరు వాడుకోవాలంటే కంపెనీ గడప తొక్కాల్సిందే. ఇంటర్నెట్ పేర్లను పంచే అంతర్జాతీయ సంస్థ మాత్రం మహా మర్యాద గలది. అభ్యంతరం ఉన్నవాళ్లు రాయండి, మీ మాటా వింటాం అంది. ఇంటర్నెట్ వాడకందార్ల బృందం నడిపే వంశీకృష్ణ ఆ కబురు మోసుకొచ్చి, అభ్యంతర పత్రం పంపించి, ఇవాళ దుబాసీగా పక్కన కూర్చున్నాడు.

"కంగారు పడకండి ప్రసన్నలక్ష్మి గారూ. మామూలు జనం మాట వినడానికేనండీ ఈ విచారణ," అన్నాడు.

వెనక వరసలో ఆమె అత్త కొమురమ్మ ఉంది. నలభై ఏళ్లు నూలుకు ముడులు కట్టిన మనిషి.

"నిమ్మలంగ చెప్పు బిడ్డా. మన పేరు మనకే కావాలె అని చెప్పు, గంతే," అంది.

ప్రసన్నలక్ష్మి తడబడకుండా చెప్పింది. హాల్లో చప్పట్లు మోగాయి. విచారణ నడిపే పెద్దావిడ అంతా విని, ఒక కాగితాన్ని తెర మీద పెట్టించింది.

ప్రసన్నలక్ష్మి తెర మీదికి వంగి చూసింది. సంఘం లెటర్‌హెడ్, సంఘం ముద్ర, కింద తన సంతకం!

"ఆ పేరు కంపెనీకివ్వడానికి మా సంఘానికి పూర్తిగా సమ్మతమే అని ఉందండీ," అన్నాడు వంశీకృష్ణ, పాలిపోయిన మొహంతో.

ఎలా వచ్చిందో తెలియడానికి జ్యోతిషం అక్కర్లేదు. పిల్లల బడికో, హాస్టల్‌కో, కిరాయి ఇంటికో "ఫలానావాళ్లు మావాళ్లే" అన్న సంఘం ఉత్తరం కోసం వారమంతా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. రోజూ కొట్టు వదిలి రాలేక, ప్రతి ఆదివారం ఇరవై ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు గీకి, ముద్రలేసి, హాల్లో సొరుగులో పెట్టిపోతుంది మహాతల్లి. కావలసినవాళ్లు తీసుకుని రాసుకుంటారు. తాళమెందుకు, అందరూ మనవాళ్లే కదా! ఆ మనవాళ్లలోనే ఒక పుణ్యాత్ముడు ఒక కాగితం కంపెనీకి సమర్పించుకున్నాడు.

"సంతకం మీదేనా అంటున్నారండీ," వంశీకృష్ణ గొంతు తగ్గించాడు. "కాదంటే ఫోర్జరీ అయిపోతుంది. మనం గెలిచినట్టే."

కాదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అదే సంతకంతో ఎంతమంది పిల్లలు బడుల్లో చేరారు! ఒకటి దొంగదంటే ఆ ఉత్తరాలన్నీ ఏమైపోవాలి? ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"సంతకం నాదే. రాత నాది కాదు. ఉత్త కాయితం మీద చేసి పెట్టిన. తప్పు నాదే," అంది.

వంశీకృష్ణ అదే మాట ఇంగ్లిషులో చెప్పాడు. పెద్దావిడ కోప్పడలేదు. ఎంతో మర్యాదగా ఇంకో కాగితం పెట్టించింది. అది సంఘం పంపిన అభ్యంతర పత్రం. అదే లెటర్‌హెడ్, అదే ముద్ర, అదే సంతకం.

"మరి ఇది మీ సంఘమే రాసిందని మేమెలా నమ్మాలి అని అడుగుతున్నారండీ."

ప్రసన్నలక్ష్మి తెర మీది సంతకాన్నే చూస్తూ కూర్చుంది. ఏమీ అర్థంకాని కొమురమ్మ లేచి ముందుకొచ్చి, కోడలి భుజం పట్టుకుంది.

"ఏమన్నదే ఆమె? మన పేరు గా కంపెనోళ్లకు ఇచ్చేస్తదంటనా?"

"ఆమె కాదు అత్తమ్మా," అంది ప్రసన్నలక్ష్మి. "నేనే ఇచ్చేసిన."