వరుసలో పంతొమ్మిదో మనిషి

"టీలో పంచదార తక్కువైంది. చూసి కలపొద్దూ?" అన్నారు డాక్టరుగారు.

ఎదుటి కుర్చీలో కూర్చున్న అమ్మాయి "అయ్యో, సరిపోయింది సార్" అని నొచ్చుకుంది. అయినా ఆయన భార్య పంచదార డబ్బా కోసం వంటింట్లోకి నడిచింది. అరవై ఆరేళ్ళ మోకాళ్ళు, వాటి గోడు అవి చెప్పుకుంటూనే ఉన్నాయి. ఆ అమ్మాయి డాక్టరుగారి మీద పుస్తకం రాయడానికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నలభై ఏళ్ళపాటు పైసా పుచ్చుకోకుండా వైద్యం చేసిన మనిషి మరి. ఒకటి కాదు, నాలుగు పుస్తకాలు రాసినా తప్పులేదు. ఆ మాట ఆయన భార్యే ముందు ఒప్పుకుంటుంది. ఆయన చెడ్డవాడని అనగలిగితే ఆవిడ బతుకు ఎంత తేలికయ్యేదో!

సిరంజీలు ఉడకబెట్టిందెవరో, పాత దుప్పట్లు చింపి కట్లు చుట్టిందెవరో, రోగుల వెంట వచ్చినవాళ్ళకి వండి వార్చిందెవరో, వరండాలో కక్కుకున్నది కడిగిందెవరో పుస్తకాలకి ఎక్కవు. "మా ఆవిడ సహకారం లేనిదే నేను లేను" అని ఆయన ప్రతి సభలోనూ ఒక వాక్యం చెబుతారు. జనం చప్పట్లు కొడతారు, ఆవిడ నవ్వుతుంది, అంతటితో సరి.

ఇంకో సంగతి ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆవిడా డాక్టరీ చదివింది. ఆయనతోపాటే, ఒకే తరగతిలో, మార్కుల్లో ఆయనకంటే ఓ మెట్టు పైనే. చివరి ఏడాదిలో పెళ్ళి, వెంటనే కడుపు. "పురుడయ్యాక పూర్తి చేద్దువులే" అన్నారాయన. పురుడయ్యేసరికి మకాం పల్లెకి మారింది. "ఇంట్లో ఇద్దరూ డాక్టర్లయితే అన్నం ఎవరు వండుతారమ్మా?" అంది అత్తగారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, ఎందుకు నవ్విందో ఇప్పటికీ ఆవిడకే అర్థం కాదు. చదువు అలా అటకెక్కింది.

నేర్చుకున్న కళ్ళు మాత్రం ఊరుకుంటాయా? పొద్దున్నే రోగుల్ని వరండాలో బల్లల మీద కూర్చోబెట్టడం ఆవిడ పని. డాక్టరుగారి నియమం ఒక్కటే: ఎవరైనా సరే, వచ్చిన వరుసలోనే లోపలికి రావాలి. ఆసామి అయినా కూలివాడైనా తేడా లేదు. ఆ ఒక్క నియమానికే జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం మనిషి నడకా, పెదవుల రంగూ, ఊపిరి తీసే తీరూ చూసి, ఆగలేనివాళ్ళని గుట్టుగా ముందుకు జరిపేది. "ఈ బిడ్డ ఆగలేదు, నువ్వు కాస్త సర్దుకో నాయనా" అంటే ఎవరూ కాదనేవారు కాదు. లోపల ఆయన "సమయానికి వచ్చారు, గండం గడిచింది" అనేవారు. ఆ సమయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఒకరోజు వరుసలో ఎవరో గొణిగారు, "అమ్మగారికి కావలసినవాళ్ళయితే ముందు పోవచ్చులే" అని. అది ఆయన చెవిన పడింది. గుమ్మంలోకి వచ్చి, అంతమంది ముందూ, గొంతైనా పెంచకుండా అన్నారు:

"ఎవరికి ఏముందో చూడటానికి నేనున్నాను. చదువు మధ్యలో మానేసినదానివి, నీకెందుకీ వైద్యం? కూర్చోబెట్టు, చాలు."

మానేసినదానివట! మాన్పించిందెవరు? ఆవిడ తర్వాత వచ్చిన మనిషికి బల్ల మీద చోటు చూపించింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే ఆయన మామూలుగానే ఇంకో గరిటె పప్పు అడిగారు. ఏం అన్నారో ఆయనకి గుర్తైనా లేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇటుకల బట్టీలో పనిచేసే పిల్ల ఒక్కతే వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎనిమిదో నెల. మొహం ఉబ్బిపోయింది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. "తల పగిలిపోతోందమ్మా, కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయి" అంది. ఆవిడకి చూడగానే తెలిసిపోయింది. రక్తపోటు పెరిగిపోయింది, ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. కాలేజీ పుస్తకంలో అది ఏ పేజీలో ఉందో కూడా గుర్తొచ్చింది. చెప్పాల్సింది ఒక్క మాట. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది.

కానీ నిన్నటి మాట ఇంకా పచ్చిగానే ఉంది. 'చూడటానికి ఆయనున్నారుగా, ఆయన్నే చూడనీ' అనుకుంది. ఆ పిల్లని పంతొమ్మిదో చోట కూర్చోబెట్టి, వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. రెండుసార్లు చేతులు తుడుచుకుని గుమ్మం దాకా వచ్చింది, రెండుసార్లూ వెనక్కి పోయింది. పదిన్నరకి వరండాలో కేకలు. పరుగెత్తుకొచ్చేసరికి ఆ పిల్ల బల్ల మీంచి పడి కొట్టుకుంటోంది. డాక్టరుగారు చేయగలిగిందంతా చేశారు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా.

"చాలా ఆలస్యంగా వచ్చిందయ్యా" అన్నారాయన, కబురందుకుని వచ్చిన మొగుడితో. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆ పిల్ల ఎప్పుడొచ్చిందో ఆయనకి తెలీదు. వరుసలో ఉన్నవాళ్ళకి తెలుసు. అంత మంచి డాక్టరుకి ఎదురు చెప్పేదెవరు? ఆ మొగుడు చేతులు జోడించి, "మా ఖర్మ బాబూ, మీరేం చేస్తారు" అన్నాడు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా స్తంభం పక్కన నిలబడింది.

తర్వాత ఆవిడ ఎవరి మాటా లెక్కచేయకుండా వందలమందిని ముందుకు జరిపింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఏం లాభం? మొగుడి మీద కోపం ముక్కూ మొహం తెలియని పిల్ల మీద తీర్చుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే బాధ. ఆయన అవమానించారు నిజమే, కానీ ఆ పిల్ల ఏం చేసిందని?

ఆవిడ డబ్బాతో ముందు గదిలోకి వచ్చేసరికి అమ్మాయి అడుగుతోంది, "ఇన్నేళ్ళలో మీ గుమ్మంలో పొరపాటు జరిగి ఎవరైనా..."

"లేదమ్మా. ఒకే ఒక్క గర్భిణి పోయింది, అదీ చాలా ఆలస్యంగా వచ్చింది కనక" అన్నారు డాక్టరుగారు, నిజంగానే బాధపడుతూ.

అమ్మాయి రాసుకుని ఆవిడ వైపు తిరిగింది. "అమ్మగారూ, మీ గురించి కూడా ఒక పేజీ ఉండాలి. మీరేం చేసేవారు?"

"ఆవిడ వంటే నన్ను ఇన్నాళ్ళు నిలబెట్టింది. అది రాయి" అని నవ్వారు డాక్టరుగారు.

ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. రోగుల్ని ఆయన చూసింది ఆ గదిలోనే, రోగులున్న వేళ అక్కడ ఆవిడ ఎన్నడూ కూర్చోలేదు.

"ఆ పిల్ల ఆలస్యంగా రాలేదమ్మా. పొద్దున ఎనిమిదింటికే వచ్చింది. రెండున్నర గంటలు బయట బల్ల మీద కూర్చుంది. జబ్బేమిటో తెలిసి కూడా లోపలికి పంపలేదు."

డాక్టరుగారి మొహంలో నవ్వు పోయింది. "ఏమిటి నువ్వనేది? తెలిసిందెవరికి?"

ఆవిడ ఆయన వైపు చూడలేదు. అమ్మాయి చేతిలోని కలం వైపు చూస్తూ అంది:

"నాకు. ఆ రోజు ఆమెని మొదట చూసిన డాక్టర్ని నేనే. అలాగే రాసుకోమ్మా."