పిడుగమ్మ మాటలకు చోటు

ఖదీర్ తొమ్మిదో పేజీ మీద పెన్సిలు గీతలు కొట్టడం ముగించి, కలం నల్లసిరాలో ముంచాడు. అరవై మూడేళ్ల ఆ చేతి మధ్యవేలు కణుపు దగ్గర కాయకాసి, ఎన్నిసార్లు రుద్దినా పోని నలుపుతో పక్కకు వంగి ఉంది. శంషాబాద్ బస్టాండు వెనక, మూడో అంతస్తులో ఆఫీసు. విమానం తక్కువ ఎత్తులో పోయినప్పుడల్లా కిటికీ అద్దం అదురుతుంది. అదురు తగ్గేదాకా అతను కలం గాల్లోనే ఉంచి, పళ్లు బిగబట్టి కూర్చుంటాడు.

బొమ్మల కథల్లో పాత్రల మాటలు రాయడం అతని పని. 'పిడుగమ్మ' మొదటి సంచికలో ఆమె పలికిన మొదటి మాట రాసింది అతనే. పిడికిళ్లలో మెరుపులు పట్టుకుని ఏడుగురి దళానికి ముందు నడిచేది ఆమె. తర్వాత అమ్మకాలు పడిపోయాయని దళాన్ని ఒక మగవీరుడికి అప్పగించి, ఆమెను అతని భార్యను చేశారు. పదకొండేళ్లు ఖదీర్ ఆమె నోటి పక్కన 'జాగ్రత్త', 'కాపాడండి' అనే రాశాడు. చివరికి పత్రికే మూతపడింది. ఎయిర్‌పోర్టులో డ్రైవర్లు పట్టుకుని నిలబడే అట్టల మీద ఎవరెవరి పేర్లో రాస్తూ బతికాడు.

ఇప్పుడు పత్రిక మళ్లీ మొదలవుతోంది. పిడుగమ్మ మళ్లీ దళనాయకురాలు. పాత చేతిరాతే కావాలని ఎడిటర్ అఖిల మామిడిపల్లిలో అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

తొమ్మిదో పేజీలో పిడుగమ్మ తన దళానికి ఆజ్ఞ ఇవ్వాలి. ఆమె మాటలకు వదిలిన బుడగ నిమ్మకాయంత ఉంది. ఎదురుగా దొంగల నాయకుడిది అరచేయంత. నాలుగో పేజీలోనూ ఇంతే, ఆరో పేజీలోనూ ఇంతే. రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ సరేనన్నారు.

"ఏంది జీవన్ ఇది? ఆమెను పెద్ద చేసినమంటిరి. నోరు తెరిచే జాగనే లేదు!"

బొమ్మలు వేసే జీవన్ తల ఎత్తలేదు. "పాత అలవాటు చాచా, గట్ల పడిపోయింది. జర చిన్నగ రాయరాదు."

"చిన్నగ రాస్తే చిన్నగ మాట్లాడినట్టుంటది."

అఖిల గడియారం చూసుకుంది. "చాచా, ఆరింటికి పేజీలు ప్రెస్సుకు పోవాలె. ఆ మాటలు తీసేస్త. 'పదండి' అని రాయి, చాలు."

ఖదీర్ ఎడమచేత్తో ఛాతీ రుద్దుకున్నాడు. పొద్దున కూతురు మైమూనా ఫోన్ చేసి గుండె మాత్ర వేసుకున్నావా అని అడిగితే, వేసుకున్నానని అబద్ధం చెప్పాడు.

"పదకొండేండ్లు ఒక్కొక్క మాటనే రాసిన అఖిలమ్మా. ఇగ నాతోని కాదు."

తెల్లకాగితం తీసి గుండ్రంగా కత్తిరించాడు. దాని మీద గీతలు కొట్టి, తలకట్లు నిలబెట్టి, సుడులు తిప్పి మూడు వరుసలు రాశాడు. వెనక జిగురు రాసి, దొంగల నాయకుడి ముఖం మీద సగందాకా వచ్చేలా అంటించాడు.

"నా బొమ్మ!" అని జీవన్ కుర్చీలోంచి లేచాడు. "రెండు దినాలు కూసున్న దానిమీద!"

అఖిల పేజీ లాక్కుని పైకే చదివింది: "ఎవరూ వెనక్కి చూడొద్దు. ముందు నేను నడుస్తాను. నా వెలుగులో మీరు రండి."

పేజీని తిరిగి ఖదీర్ ముందు పెట్టింది.

"ఉండనీ," అంది అఖిల. జీవన్ విసురుగా బయటికి పోయాడు.

ఖదీర్‌కు కోపం తగ్గలేదు. భోజనానికి లేవలేదు. మిగతా పేజీల్లో మరో రెండు బుడగలు కత్తిరించి అంటించాడు. నాలుగున్నరకు చివరి పేజీ పక్కన పెట్టాడు.

"కండ్లు మండుతున్నయ్. జర సేపు పండుకుంట," అని చేతుల మీద తల వాల్చాడు.

పేజీల కోసం వచ్చిన అఖిల రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. అతను కదల్లేదు. అప్పుడే మెట్లెక్కి వస్తున్న జీవన్‌ను కేకేసింది. ఇద్దరూ మోసుకుని దవాఖానకు తీసుకెళ్లారు. అప్పటికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. మైమూనాకు ఫోన్ చేసింది జీవనే. దవాఖాన అడ్రసు మాత్రం చెప్పగలిగాడు.

పేజీలు ప్రెస్సుకు మర్నాడు వెళ్లాయి. తొమ్మిదో పేజీ అలాగే అచ్చయింది.

కిటికీ దగ్గరి కుర్చీలో, నడుం నొప్పికని ఖదీర్ నాలుగు మడతలేసి పరుచుకున్న పాత గళ్ల తువ్వాలు, నడుమ కాస్త పల్లంగా, ఇంకా అలాగే ఉంది.