కేదారానికి ఒక సంచి

రాజలింగం మస్కట్‌లో పనిచేసినన్నాళ్లూ అతని బ్యాగు సర్దింది ప్రేమలతే. ఆమె సర్దిన బ్యాగు విమానాశ్రయంలో తూకం తప్పదని కోరుట్లలో వాళ్ల వాడకంతా తెలుసు. దూలానికి స్ప్రింగు కాటా వేలాడదీసి, బ్యాగును దానికి తగిలించి చూసేది. ముల్లు ఇంకొంచెం దిగే వీలుంటే ఆ కొంచెంలో ఒక సకినాల పొట్లమో, పక్కింటివాళ్లు తమ కొడుక్కి పంపే మామిడికాయ తొక్కో పెట్టేది. ఇచ్చిన బరువును ఖాళీగా పోనివ్వడం ఆమె లెక్కలో అన్నం పారబోసినట్టే.

ఇక మస్కట్ వద్దని రాజలింగం వచ్చేశాడు. వచ్చాడే గాని అతనికి ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే బండి తుడుస్తాడు. పనేమీ లేకున్నా మెట్‌పల్లి దాకా పోయి తిరిగొస్తాడు. ఒకరోజు అన్నం తింటూ, దోస్తు ప్రభాకర్‌తో కలిసి బండి మీద కేదార్‌నాథ్ పోతానన్నాడు. బండి పోయేంతవరకు బండి, ఆ పైన నడక.

వడ్డిస్తున్న ప్రేమలత గరిట ఆపింది.

"ఎనక సీటు నాది" అంది.

ఆ మాట తన నోట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్లూ ఆమె చేతులతో కట్టిన బ్యాగు ఎన్నిసార్లు ఇల్లు దాటి పోయిందో! గడప ఇవతల నిలబడింది మాత్రం తాను.

రాజలింగం కాదనలేదు గాని షరతు పెట్టాడు. "బండికి రెండు దిక్కుల రెండు సంచులు. ఒకటి నాది, ఒకటి నీది. నీ చలిబట్టలు నీ సంచిలనే పట్టాలె. మీద మూట కడ్త, ఒళ్లె పెట్టుకుంట అంటే నడువది. గుట్టల మీద బండి ఆగమైతది. నీతోని కాకుంటే ప్రభాకర్ తయారుగనే ఉన్నడు."

ప్రభాకర్ నిజంగానే తయారుగా ఉన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి, "ఏం వదినా, సంచి మూతి వడ్డదా? నా స్వెటర్ ఉతికిపెట్టుకోవాల్నా?" అని నవ్వి పోయేవాడు.

మండే వైశాఖంలో చలిబట్టలు దొరకడమే గగనమైంది. జగిత్యాల బజారులో స్వెటర్ అడిగితే దుకాణంవాడు ఆమె ముఖం మీది చెమటను చూసి, "అక్కా, పానం మంచిగనే ఉన్నదా?" అన్నాడు. చివరికి హైదరాబాదులో చదువుతున్న కూతురు ప్రణీత ఒంటికి అతుక్కునే వెచ్చని బనియన్లు, తేలికైన ఉన్ని స్వెటర్లు పంపింది. పంపి ఊరుకోలేదు, ఫోన్లో పాఠం కూడా చెప్పింది.

"లావుది ఒక్కటి కాదమ్మా. పల్చటివి మూడు, ఒకదాని మీద ఒకటి. లోపల బనియన్, నడుమ ఉన్ని, పైన గాలి ఆపే కోటు. లోపల నూలుబట్ట తొడగకు. తడిసిందంటే ఆరది, సలి పుట్టిస్తది."

ప్రేమలత పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. నూలు మనిషికి చెడు చేస్తుందంటే ఆమె మనసు ఒప్పలేదు. అయినా సిరిసిల్ల పోయి, తమ్ముడి భార్య రాధికతో రెయిన్‌కోటు గుడ్డలో కోటూ ప్యాంటూ కుట్టించుకుంది. వాటిని తొడిగి అద్దం ముందు నిలబడితే రాధిక పడీపడీ నవ్వింది.

"ఒదినే, మా అన్న నిన్ను చూసి పోలీసనుకొని బండి ఆపుతడే!"

అంతవరకు బాగానే ఉంది. ప్రయాణం సంగతి వాడలో తెలిశాక మొదలైంది అసలు తంటా. మస్కట్ బ్యాగు కడుతున్నప్పుడు పొట్లాలు తెచ్చినట్టే ఒక్కొక్కరూ రాసాగారు. ఈసారి పొట్లాలు దేవునికి. ఒకరు రవికగుడ్డ, గాజులు తెచ్చారు. ఒకరు బెల్లం తెచ్చారు. పక్కింటి వెంకటవ్వ పసుపు రాసిన కొబ్బరికాయలు తెచ్చి ఒళ్లో పెట్టింది. "నా మోకాళ్లు ఆడిదాక రావు బిడ్డా. నువ్వే కొట్టిరా" అంది. అత్త చిన్నవ్వ పాత మొక్కు ఒకటి బయటపెట్టింది. కొడుకు ఎడారి దేశం నుంచి క్షేమంగా తిరిగొస్తే శివునికి ఇత్తడి గంట కడతానని మొక్కుకుందట. గంట బరువుగా ఉంది. దాన్ని కోడలి చేతిలో పెడుతుంటే ముసలామె కళ్లు మెరిశాయి.

దేవుని సొమ్మును కాదనడం ఎట్లా? ప్రేమలత మొదట స్వెటర్ తీసేసింది. ఆ ఎండలో దాన్ని ముట్టుకుంటేనే ఒళ్లు చిటపటలాడేది. చలి అనేది ఒకటి ఉందంటే చెయ్యి నమ్మేది కాదు. మరునాడు బనియన్లు, కోటూ ప్యాంటూ తీసింది. ఉన్న జాగాలో రెండు నూలు చీరలు మడిచిపెట్టింది. సంచి మూతి పడింది. దీపం పెట్టేటప్పుడు, "తండ్రీ, నీ కోసమే గదా, నువ్వే చూసుకో" అని దండం పెట్టింది. పెట్టింది గాని ఆ మాట లోపల కుదురుగా కూర్చోలేదు.

ఆమె తమ్ముడు, రాధిక భర్త రాజేశం మామిడికాయల కాలంలో జగిత్యాలలోని ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు. అతనే ఫోన్ చేశాడు. "బావా, మా తాన ఒక గది ఖాళీగున్నది. అక్కను తీస్కొని రా. బయలెల్లేముందు సలి ఎట్లుంటదో చూస్తరు."

రాజలింగానికి ఆ ఆలోచన తెగ నచ్చింది. రెండు సంచులూ బండికి కట్టాడు. "లోపలికి పోయినంక సంచి ఇప్పాలె. అండ్ల ఏముంటే అదే తొడుక్కోవాలె" అన్నాడు. స్వెటర్ తీసేసిన సంగతి చెప్పేద్దామనుకుంది ప్రేమలత. జగిత్యాల వచ్చేదాకా అనుకుంటూనే ఉంది.

గది తలుపు మూసుకోగానే మొదట ప్రాణం లేచొచ్చింది. ఎండలో వచ్చిన ఒంటికి అమృతంలా ఉంది. ఆమె నవ్వింది కూడా. రాజేశం ఫ్యాన్ల ఎదురుగా రెండు ఖాళీ మామిడి డబ్బాలు వేసి, "బండి మీద గాలి గిట్లనే కొడ్తది, కూసోండ్రి" అన్నాడు. కాసేపటికి ఆ గాలి చీరను దాటి వచ్చింది. చెమటకు తడిసిన రవిక వీపుకు అతుక్కొని మంచుగడ్డ అయింది. వేళ్లు కొంకర్లు పోయాయి. దవడ తనంతట తానే కొట్టుకోసాగింది. నూలు గురించి కూతురు చెప్పింది అబద్ధం కాదు.

రాజలింగం బనియన్, స్వెటర్, కోటు ఒకదాని మీద ఒకటి తొడుక్కొని దర్జాగా కూర్చున్నాడు.

"ఇప్పవేందే నీ సంచి?"

అతనే లేచి మూతి విప్పాడు. కొబ్బరికాయ ఒకటి దొర్లి రాజేశం కాళ్ల దగ్గర ఆగింది. తర్వాత బెల్లం, గాజులు, గంట. గంట ఆ చలిగదిలో ఖంగున మోగింది.

"గివి కప్పుకుంటవా?" అన్నాడు రాజలింగం.

"దేవునియి" అంది ప్రేమలత, పళ్లు కొట్టుకుంటుండగా.

"అక్కా, నువ్వు బయటికి నడువే ముందు" అన్నాడు రాజేశం నవ్వు ఆపుకుంటూ.

తిరిగొచ్చేటప్పుడు రాజలింగం తిట్టలేదు. అదే ఆమెను మరింత కుదిపింది. కోరుట్ల దగ్గరపడ్డాక మెల్లగా, "నీకు సలి వెట్టి ఏమన్నయితే నేనేం జెయ్యాలె ఆ గుట్టల మీద? ఈసారికి ప్రభాకర్‌ను తోల్కపోత. నువ్వు ఇంట్లనే ఉండు" అన్నాడు.

"రేపటిదాక ఆయనకు ఏం జెప్పకు" అంది ఆమె.

ఇంటికి వచ్చాక కూర్చోలేకపోయింది. వంటగదికీ వాకిలికీ తిరిగింది. అంతా దేవుడు ఇచ్చిందే అయినప్పుడు, ఒక కొబ్బరికాయ తక్కువైందని ఆయన చూసుకుంటాడా? లేక ఇచ్చినవాళ్ల మనసును చూస్తాడా? చూస్తే, దాన్ని మోసుకుపోవడానికి తన వీపే కావాలా? జవాబు తెలియకుండానే, ఇచ్చినవాళ్లకు తిరిగివ్వడానికి పొట్లాలు చేతుల్లోకి తీసుకుంది.

గాజులూ బెల్లమూ ఇచ్చినవాళ్లు వాటిని తిరిగి తీసుకున్నారు. వెంకటవ్వ మాత్రం గయ్యిమంది.

"నా కొడుక్కు ఇన్నేండ్లు తొక్కులు మోసిండ్రు. దేవునికి మోయనీకి బరువయ్యిందా?"

"అవ్వా, ఈ కాయలు పెడితే నా స్వెటర్ పడుతలేదు. స్వెటర్ లేకుంటే నేను పోతలేను."

"పోకుంటే ఏమాయె? మొగోడు పోతున్నడు గదా!"

"నాకు పోవాలని ఉన్నదవ్వా" అంది ప్రేమలత. ఇంత చిన్న మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదని అప్పుడు తోచింది. వెంకటవ్వ ముఖం తిప్పుకుంది. కాయలు గడప మీదే ఉండిపోయాయి.

ఇక గంట మిగిలింది. చిన్నవ్వ మంచం మీద కూర్చొని విసనకర్ర ఊపుకుంటోంది. ప్రేమలత గంటను ఆమె పక్కన పెట్టి, నేల మీద కూర్చుంది. కోల్డ్ స్టోరేజీలో జరిగిందంతా దాచకుండా చెప్పింది. ముసలామె విసనకర్ర ఆపి గంటను చూసింది.

"కేదారంలున్నది ఎవరే?" అని అడిగింది.

"శివుడు, అత్తమ్మా."

"ఎములాడల?" వేములవాడను ఆమె అట్లాగే అంటుంది.

"రాజన్న. ఆయన గూడ శివుడే."

"మరి నా కొడుకు పోయిన్నాడు నేను మొక్కింది ఏ శివునికో నాకే యాదికి లేదు. శివా అన్న, గంతే." చిన్నవ్వ గంటను ఒళ్లోకి లాక్కుంది. "ఎములాడకు నేనే పోత. ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గదా. గా ఎంకటవ్వను గూడ గుంజుకపోత. దాని మోకాళ్లకు బస్సు మెట్లు ఎక్కే జోరున్నది గని నోరే జర ఎక్కువ."

ప్రేమలతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి పోయి సంచిలో బనియన్లు, స్వెటర్, కోటూ ప్యాంటూ పెట్టింది. చీరలు తీసేసింది. మూతి వేస్తే లోపల ఇంకా జాగా మిగిలింది. ఆ జాగాలో ఏదైనా పెట్టాలని చేతులు తహతహలాడాయి. ఒక పొట్లం పల్లిపట్టీ తీసుకుంది కూడా. మళ్లీ డబ్బాలో వేసి, మూత గట్టిగా బిగించింది.

సాయంత్రం ప్రభాకర్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రాజలింగం సంచిని ఎత్తి చూశాడు. విప్పి చూశాడు. భార్య వైపు తిరిగాడు.

"మరి ప్రభాకర్‌కు ఏం జెప్పాలె?"

"నేనే జెప్త" అంటూ ప్రేమలత బయటికి వచ్చింది. "తమ్మీ, మేము బయలెల్లిన్నాడు నీకొక పని ఉన్నది. మా అత్తమ్మను, ఎంకటవ్వను బస్టాండుల ఎములాడ బస్సు ఎక్కియ్యాలె. సామాను జర ఎక్కువుంటది."

ప్రభాకర్ రాజలింగం వైపు చూశాడు. రాజలింగం బండి అద్దం తుడుస్తున్నాడు, అది అప్పటికే మెరిసిపోతున్నా.

పక్కింటి గడప మీద కొబ్బరికాయలు ఇంకా అట్లాగే ఉన్నాయి. వెంకటవ్వ వాటిని లోపలికి తీసుకుంటుందా, లేదా అని ప్రేమలత గోడ మీంచి ఒకసారి చూసింది. కాసేపటికి మళ్లీ చూసింది. తీయలేదు. అయినా ఆమె గోడ దగ్గరి నుంచి వచ్చి, హెల్మెట్ తలకు పెట్టుకొని, దాని పట్టీ ఎట్లా బిగించాలో నేర్చుకోసాగింది.