లారీ దిగిన పిల్ల

నాగవేణికి కథ చెప్పడం ఎవరూ నేర్పలేదు. ఆదోనిలో ఇంటర్ పాసై, డిగ్రీలో చేరి, నాయనకు నడుము పట్టేయడంతో చదువు మధ్యలో మానేసి, పెద్దకడుబూరు పక్కనున్న సొంతూరికి తిరిగొచ్చిన పిల్ల. అమ్మ యశోద వెంట పత్తి తీసే గుంపులో చేరింది. కొత్తలో సద్ది తినే వేళ ఎవరితోనూ మాట్లాడకుండా ఫోన్లో తల దూర్చుకుని కూచునేది. గుంపు మేస్త్రీ హనుమంతమ్మ ఒకరోజు ఉండబట్టలేక ఆ ఫోన్ లాక్కుని చూసింది. ఎవడో అబ్బాయి ఫోటో దొరుకుతుందని ఆమె ఆశ. తీరా చూస్తే బొమ్మలు. కొరియా దేశపు బొమ్మల కథ. ఇంత పెద్ద పిల్లవు, ఇంకా బొమ్మలు చూసుకుంటున్నావా అని ఆడవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. నాగవేణికి తల కొట్టేసినట్టయింది. ఇది చిన్నపిల్లల కథ కాదు, కావాలంటే వినండి అని, పంతానికి కథ మొదలుపెట్టింది.

ఆ కథ ఇదీ. ఒక వీరుడు రాక్షసులతో యుద్ధంలో తనవాళ్లందరినీ పోగొట్టుకుని, చివరికి తనూ చచ్చిపోతాడు. కళ్లు తెరిచి చూస్తే మళ్లీ పదిహేనేళ్ల పిల్లవాడై, మంత్రాలు నేర్పే బడి గేటు ముందు నిలబడి ఉంటాడు. బడిలో చేరే మొదటి రోజు. జరగబోయేదంతా వాడికి ముందే తెలుసు. ఎవరు స్నేహితుడో, ఎవరు వెన్నుపోటు పొడుస్తారో, పరీక్షలో ఏం అడుగుతారో, అన్నీ. ఈసారి ఎవరినీ చావనివ్వనని వాడి పట్టుదల.

ఇంకేముంది, గుంపు గుంపంతా వాడి వెంట పడింది. పేరు నోరు తిరగక కొరియా పిల్లోడు అనేశారు. పొద్దున సాళ్లలోకి దిగి ఒళ్లో పత్తి నింపుకోవడం మొదలుపెట్టగానే, నిన్న ఎక్కడ ఆపినావు అని ఎవరో ఒకరు అందుకునేవారు. వాడు ఒక్క పూటైనా ప్రార్థన చేయడేమని గుంపులోని ఎస్తేరు చిరాకు పడేది గానీ, కథలో వాడికి విషం పెట్టిన రోజు సద్ది ముట్టనిది కూడా ఆమే. చేను ఆసామికి సైతం నాగవేణి మీద అభిమానం పుట్టుకొచ్చింది. కథ నడిచినంతసేపూ నీళ్లని, నిప్పని ఎవరూ గట్టెక్కడం లేదు మరి. మొత్తానికి మొన్నటిదాకా నవ్వులపాలైన పిల్ల గుంపులో పెద్ద తలకాయ అయిపోయింది. ఆ పెద్దరికం కాస్త తలకెక్కిందని కూడా చెప్పాలి.

అందరికంటే శ్రద్ధగా వినేది అశ్విని. అదే గుంపులో పత్తి తీసే సుంకమ్మ కూతురు, పదహారేళ్లది. ఏడో తరగతిలో ఉండగా తల్లి దాన్ని బడి మాన్పించి సుగ్గికి తీసుకుపోయింది. ఈ వైపు పనులు అయిపోగానే గుంటూరు నుంచి లారీలు వస్తాయి. ఊళ్లకు ఊళ్లే తాళాలు వేసుకుని మిరపకాయలు కోయడానికి ఎక్కిపోతాయి. ఆ పోవడాన్నే ఇక్కడ సుగ్గి అంటారు. కొందరు పిల్లలు తిరిగొచ్చాక మళ్లీ బడి గడప తొక్కుతారు. అశ్విని తొక్కలేదు. కొరియా పిల్లోడిలాగా తనకూ వెనక్కి పోయే వీలుంటే లారీ ఎక్కిన ఆ పొద్దుటికే పోతానని, ఒకసారి నాగవేణి చెవిలో చెప్పుకుంది. ఎవరితో అననని ఒట్టు వేయించుకుంది కూడా.

ఇంతలో ఫోన్లో కథ ఆగిపోయింది. బొమ్మలు గీసే ఆయనకు ఆరోగ్యం బాగాలేదట, కొన్నాళ్లు విరామమట. ఆ ముక్క గుంపుకు చెప్పేస్తే సరిపోయేది. కానీ ఈ రోజు కథ లేదు అనడానికి నాగవేణికి నోరు రాలేదు. సొంతంగా అల్లడం మొదలుపెట్టింది. ఒక రాక్షసుణ్ని చంపించింది, ఒక దొంగ గురువును బడి నుంచి తరిమించింది. ఆ తర్వాత సరుకు అయిపోయింది. వెతుక్కుంటే చేతికి తగిలింది అశ్విని చెప్పిన మాట.

ఆ రోజు కొరియా పిల్లోడు కాలంలో వెనక్కి పోయి ఒక పల్లెలో దిగాడు. అక్కడ ఒక లారీ ఆగి ఉంది. ఒక తల్లి కూతుర్ని రెక్క పట్టుకుని లారీ ఎక్కిస్తోంది. పిల్ల పుస్తకాల సంచి వదలనని ఏడుస్తోంది. తల్లి ఆ సంచిని లాగి కంపచెట్లలోకి విసిరేసింది. నిజానికి ఆ పొద్దు ఎవరూ ఏ సంచీ విసిరేయలేదు, అది నాగవేణి రుచి కోసం వేసిన పోపు. కొరియా పిల్లోడు మంత్రంతో లారీ చక్రాలను కట్టేసి, పిల్లను దింపి, తన వెంట మంత్రాల బడికి తీసుకుపోయాడు. తల్లి నోరు తెరుచుకుని రోడ్డు మీదే నిలబడిపోయింది.

భలే అంటారని నాగవేణి ఎదురుచూసింది. అందరి చేతులూ పత్తి మీదే ఉన్నాయి గానీ ఎవరూ సుంకమ్మ వైపు చూడటం లేదు. అశ్విని ఒక్కతే నడుము ఎత్తి నిలబడి తల్లి వైపు తిరిగింది.

"ఆ పొద్దు నన్నెందుకు ఎక్కిస్తివిమా? నేను రానని అంత ఏడిస్తే ఇనకపోతివే."

సుంకమ్మ కొంగు ముందుకు లాక్కుని, ఒళ్లో నిండా పత్తి ఉన్నా పట్టించుకోకుండా, ఇంకా ఇంకా కుక్కుకుంటూ సాలు చివరికి పోయింది. పదిమందిలో కూతురి చేత అడిగించుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నాగవేణి అప్పుడు చూసింది. చూసి తలదించుకుంది.

ఆ రోజు నుంచి అశ్విని తల్లితో మాట మానేసింది. సద్ది వేరేగా కట్టుకుని వచ్చేది. ఈసారి లారీ వస్తే ఎక్కేది లేదని, ఎమ్మిగనూరులో ఏదో ఒక బట్టల అంగట్లో పనికి చేరతానని, అమ్మ ముఖం చూడాల్సిన పని లేదని అందరి ముందూ చెప్పింది. లారీ వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి. సుంకమ్మ మాత్రం చేనుకు ఆ చివరన ఎవరూ పట్టని సాలు పట్టుకుని, ఒంటరిగా పత్తి తీసేది.

నాగవేణికి ఇంట్లోనూ నిలవ నీడ లేకుండా పోయింది. మందితో భలే అనిపించుకునేదానికి ఇంకొకరి సంసారం బజార్న పెడితివే అని యశోద ముఖం మీదే తిట్టింది. అందులో తప్పేముంది గనక. ఒట్టు వేసి దాచిన మాట బయటపెట్టింది. అదీ సరిగ్గా పెట్టకుండా, సుంకమ్మను రాక్షసిని చేసింది. క్షమించమని అడగాలని రోజూ అనుకునేది. చేనులోకి దిగి ఆ చివరి సాలు వైపు చూడగానే మళ్లీ తన సాలులోనే వంగిపోయేది. గుంపులో ఎవరూ కథ అడగడం లేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు. నలుగురితో కలిసి పత్తి తీస్తున్నా ఎవరి కంటా పడకుండా ఉంటే బాగుండుననిపించేది. చేనుకు పోయే ఆటోలో కూడా వెనక్కి తిరిగి కూచునేది.

ఒక మధ్యాహ్నం అందరూ గట్టున కూచుని రొట్టె, ఊరిబిండి తింటున్నారు. సుంకమ్మ సద్ది మూట పట్టుకుని తనంతట తనే వచ్చి నాగవేణి ఎదురుగా కూచుంది. హనుమంతమ్మ నమలడం ఆపేసింది. కాస్త దూరంలో అశ్విని వీపు తిప్పుకుని తింటోంది. ఇక తిట్లు తప్పవని నాగవేణి అనుకుంది. తిడితే బాగుండును అని కూడా అనుకుంది.

"ఆ కతలో," అంది సుంకమ్మ, "లారీలోంచి పాపను దింపినాడు, సరే. ఆ పాప ఒళ్లో సంటిపిల్లోడుండె గదా. వాణ్ని ఎవురి సేతికిచ్చినాడు?"

ఆమె అడుగుతున్నది ఎవరి గురించో నాగవేణికి తెలుసు. అశ్విని తమ్ముడు బజారి. ఆ ఏడు వాడింకా పాలు తాగే పిల్లవాడు. తండ్రి అంతకు ముందే ఇల్లొదిలి పోయాడు. సుంకమ్మ మిరప చేన్లో వంగి ఉన్నంతసేపూ గట్టున వాణ్ని ఎత్తుకుని కూచున్నది అశ్వినే. ఆ పొద్దు యశోద కూడా అదే లారీ ఎక్కింది. ఇంట్లో అవ్వ ఉంది కాబట్టి నాగవేణి ఊళ్లోనే ఉండి పదో తరగతి చదువుకుంది. అమ్మను సాగనంపడానికి వచ్చి, బజారిని కిందినుంచి ఎత్తి పైకి, అశ్విని చేతులకు అందించింది కూడా తనే. అయినా కథలో వాడికి చోటు లేకుండా చేసింది. వాడుంటే పిల్లను దింపడం కుదరదు మరి.

ఏదో ఒకటి చెప్పేయవచ్చు. మంత్రంతో ఊయల కట్టాడనో, పిల్లవాణ్ని కూడా బడికి తీసుకుపోయాడనో. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సుంకమ్మ ముఖంలో ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే అడుగుతోంది.

"ఇన్ని దినాల నుంచి అదే ఆలోసన సేస్తాండాను పాపా. మంత్రాలొచ్చినోడు గదా, ఏదో ఒక దావ సూసింటాడు. అదొక్కటి సెప్పు."

అశ్విని తినడం ఆపింది. ఇటు తిరగలేదు గానీ, వింటోందని అందరికీ తెలుస్తోంది. నాగవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని చూపించి జాలి సంపాదించడం కూడా సిగ్గే అనిపించి తల వంచుకుంది.

"నాకు తెలీదు చిన్నమ్మా," అంది.

సుంకమ్మ తన మూట విప్పుకుంటూ అంది.

"తెలిస్తే సెప్పు. ఆ పొద్దు నాకూ తెలీకపాయ."