సంచి ఇవ్వని గుమాస్తా

మా రస్క్‌క్రీక్ మ్యూజియం పైకప్పు కారుతోంటే బాగుచేయించడానికి చందాల విందు పెట్టారు. పూర్వం మా ఊరి బ్యాంకును దోచిన ముఠా మీద తీసిన పాత సినిమాకు యాభయ్యేళ్లు నిండడం కూడా కలిసొచ్చింది. విందులో ఆ సినిమాలోని దోపిడీని నాటకంగా ఆడాలనుకున్నారు.

ఆ సాయంత్రం ఊళ్లో పెద్దమనిషన్నవాడు మిగల్లేదు. పాస్టరు, పశువుల డాక్టరు, అందరూ దొంగలే. నాయకుడి వేషం బ్యాంకు మేనేజరు లోవెల్‌ది. అతికినట్టుందని బాకీదారులు గుసగుసలాడారు. దొంగల్ని పట్టాల్సిన ఊరి షెరీఫ్ కూడా దొంగ టోపీతోనే తిరిగాడు.

కౌంటరు గుమాస్తా వేషం రిటైరైన టీచరు ఆర్డిత్‌కు అంటగట్టారు. నాటి దోపిడీలో చనిపోయిన గుమాస్తా ఆమె ముత్తాత. సినిమాలో ఆయన వణుకుతూ సంచి అప్పగించే పిరికివాడు.

"సొంత రక్తమైతే రక్తి కడుతుంది" అంది మ్యూజియం అధ్యక్షురాలు మర్లీస్. ఆయన ఫొటో గోడకు పెట్టమని ఆర్డిత్ అడిగితే, "విందులో చావు కబురెందుకు తల్లీ?" అని తోసిపుచ్చింది.

భోజనాలయ్యాక దోపిడీ మొదలైంది.

"సంచి ఇటు పడెయ్!" పిస్తోలు గురిపెట్టి గర్జించాడు లోవెల్.

ఆర్డిత్ సంచిని కుర్చీలో వేసి, దాని మీద కూర్చుంది. "ఇవ్వను."

జనం గొల్లున నవ్వారు. లోవెల్ వంగి గొంతు తగ్గించాడు. "ఇచ్చెయ్యాలి ఆర్డిత్. సినిమాలో ఇచ్చేస్తాడుగా!"

"సినిమాలో ఇచ్చాడు. మా ముత్తాత ఇవ్వలేదు. అందుకే కాల్చి చంపారు."

"జనం టిక్కెట్లు కొనుక్కొచ్చారు. నీకు పుణ్యముంటుంది, లే!"

"ఆయన ప్రాణం పోగొట్టుకుంది నీ బ్యాంకు సొమ్ము కోసమే లోవెల్. నీకైనా సిగ్గులేదూ?"

పాస్టరు సంచి కొస పట్టుకుని లాగాడు. అది పర్రున చిరిగి, ఆయన వెల్లకిలా పడ్డాడు. పాత కాగితాలు ఎగిరాయి. చప్పట్లే చప్పట్లు.

ఆర్డిత్ లేచి నిలబడింది. "ఆయన పేరు ఎల్మర్ టట్‌హిల్. ఆయన..."

బ్యాండు పాట అందుకుంది. మర్లీస్ పరుగున వచ్చి వాటేసుకుంది. "ఎంత నవ్వించావే!"

ఆర్డిత్ ముఖం కందగడ్డయింది. కోటు తీసుకుని వెళ్లిపోయింది.

పైకప్పు బాగుపడింది. మరుసటి ఏటి విందు కరపత్రం మీద 'మొండి గుమాస్తా' అని పెద్ద అక్షరాలతో అచ్చేశారు. మళ్లీ వేషం కట్టమని అడగడానికి వెళ్తే ఆర్డిత్ తలుపు తీయలేదు. ఏం ఫరవాలేదని మర్లీసే కట్టింది. పాస్టరు కష్టపడకుండా, సులువుగా చిరిగే సంచి కుట్టించారు.