కెప్టెన్ ఎటు ఒరిగితే అటు

...అయినా ఒట్టి మొహంతో కూర్చోవడానికి ఇంత కంగారెందుకు, లోకంలో అందరూ అలాగే కూర్చుంటారు కదా, బస్సుల్లో, బ్యాంకుల్లో, పళ్ళ డాక్టరు దగ్గర, అనుకుంటూ లార్న్ వసిలిక్ అద్దంలో తన ముక్కు చూసుకున్నాడు. చిన్న ముక్కు. మూడేళ్ళుగా ఇదే కుర్చీలో, ఇదే అద్దం ముందు, దీని మీద జానెడు రబ్బరు ముక్కు అతికిస్తూ వచ్చారు. దాని కింద ఇది అలాగే ఉండిపోయిందంటే ఆశ్చర్యంగానే ఉంది. చలికాలమంతా మంచు కింద పడి ఉండి, వసంతంలో బయటపడ్డ చేతి తొడుగులా ఉంది.

"ముక్కు కదిలించకు," అంది విన్నీ.

"కదిలించలేదు."

"కదిలించావు. రబ్బరు కింద నువ్వు కోతి వేషాలు వేసినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుంది."

విన్నీ సీటో అక్కడి మేకప్ మనిషి. అతనికంటే పదేళ్ళు పెద్దది. రోజూ తెల్లవారకముందే వచ్చి అతని మొహం మీద గడ్డలూ పొలుసులూ అంటించి, సాయంత్రం నూనె రాసి ఊడదీసేది. ఇవాళ చేతిలో పౌడరు కుంచె ఒక్కటే ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు పట్టుకుని ఉంది.

"ఎలా ఉన్నాను?"

"నలభై ఎనిమిదేళ్ళవాడిలా ఉన్నావు."

"అంటే?"

"అంటే నలభై ఎనిమిదేళ్ళవాడిలా ఉన్నావు. కంగారు పడకు నాయనా. నువ్వు కెప్టెన్‌వంటే నమ్ముతాను. బస్సు నడుపుతావన్నా నమ్ముతాననుకో, అది వేరే సంగతి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు అద్దంలో కనిపించింది. అది చూసి ఉలిక్కిపడ్డాడు. లోపల ఏం జరిగితే అది వెంటనే బయట కనిపిస్తోంది. మధ్యలో తలుపు లేదు.

శుక్రవారం సాయంత్రం దాకా ఈ సీరియల్లో అంతరిక్ష నౌకకు కెప్టెన్ గ్రేడన్. లాస్ ఏంజెలెస్ నుంచి తెచ్చుకున్న హీరో. కొత్త ఒప్పందం దగ్గర మాట కుదరక వెళ్ళిపోయాడు. రచయితలు శనాదివారాలు కూర్చుని, ఒక గ్రహం మీది పొగమంచు తగిలి నౌకలోని పొలుసుల గ్రహాంతరవాసి ఓర్వెన్ మనిషి రూపంలోకి మారినట్టూ, కెప్టెన్ మాయమైతే నౌక అతని చేతికి వచ్చినట్టూ రాసేశారు. అంతరిక్షంలో ఏదైనా జరుగుతుంది, అందులోనూ ఎవరైనా శుక్రవారం పూట మానేస్తే. ఓర్వెన్ లోపలి మనిషి లార్న్. ఇవాళ మొదటి సీను. దాన్ని చూడడానికి చానెల్ నుంచి ఒకాయన వస్తున్నాడు. నచ్చితే కెప్టెన్ కుర్చీ లార్న్‌దే. నచ్చకపోతే వచ్చే సోమవారానికల్లా విమానంలో ఇంకో గ్రేడన్ దిగుతాడు, ఓర్వెన్‌కు మళ్ళీ పొగమంచు తగిలి పొలుసులు మొలుస్తాయి.

ఈ ఊళ్ళో రొట్టెలు కాల్చినంత మామూలుగా సీరియళ్ళ కోసం అంతరిక్ష నౌకలు కడతారు. సొంత ఊరు యార్క్‌టన్ నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చినప్పుడు లార్న్‌కు భుజాలు వెడల్పు, ఓపిక ఎక్కువ, జిగురు రాసినా దద్దుర్లు రాని ఒళ్ళు. అంతే, రబ్బరు కింద పెట్టేశారు. ఒక సీరియల్లో బల్లి రాజు, ఇంకోదాంట్లో బూడిద రంగు ఖైదీ, మరోదాంట్లో మాటలు రాని ముసలి రాయి. కాలి చచ్చాడు, గడ్డకట్టి చచ్చాడు, తలుపు తెరుచుకుని శూన్యంలోకి ఎగిరిపోయి చచ్చాడు. అభిమానుల సభల్లో అతని బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు సంతకం కంటే ముందు, "ఒకసారి చచ్చి చూపించండి సార్," అని అడిగేవారు. చచ్చి చూపించేవాడు. సంతోషంగానే. చెల్లెలు ఒరీసియా సొంత ఊళ్ళో కూర్చుని అన్నీ చూస్తుంది. పొద్దున్న ఆమె పంపిన మాట ఇంకా ఫోన్లోనే ఉంది: "ఈసారైనా నువ్వెవరో ముందే చెప్పు. పోయినసారి నువ్వనుకుని ఇంకెవడి చావుకో ఏడ్చాను."

రబ్బరు కింద అతనికి ఒక గది ఉండేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. బయట ఓర్వెన్ గంభీరంగా తల వంచుతుంటే, లోపల లార్న్ పెదవి విరిచేవాడు, కనుబొమలు ఎగరేసేవాడు, ఒక్కోసారి కారణం లేకుండా కన్నీళ్ళు పెట్టుకునేవాడు. ఇంత మంది మధ్య, ఇన్ని దీపాల కింద, ఎవరూ రాని గది. అందులో ఉండడానికే తను నటుడయ్యాడేమో అని అనుమానం వచ్చేది. ఇవాళ ఆ గది గోడలు తీసేశారు. భయపడాలి. భయం ఉంది కూడా. దాని వెంటే, దాన్ని తోసుకుంటూ, ఇంకేదో ఉంది. కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

మేకప్ గది నుంచి సెట్టుకు వెళ్ళే దారిలో, ఆరుబయట వాన పడుతోంది. పడనీ అన్నట్టు గొడుగు లేకుండా నడిచాడు. వాన నేరుగా చెంపల మీద పడింది. పనికి వస్తూ ఇలా తడిసి ఎన్నేళ్ళయింది! టిఫిన్ బల్ల దగ్గర నానైమో అనే చాక్లెట్ మిఠాయి ముక్క ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ గొట్టంతో సూపు పీల్చినవాడికి, పెదవుల మీద చాక్లెట్ అంటుకోవడం పండగలా అనిపించింది. రెండోది కూడా తిన్నాడు. రెండోసారికి అతన్ని గుర్తుపట్టని కెమెరా మనిషి ఒకడు "మీరెవరండీ?" అని అడిగాడు. ఈ మనిషి పక్కన మూడేళ్ళు పని చేశాడు లార్న్.

"ఓర్వెన్ని," అన్నాడు.

"అమ్మనీ! మీకు మొహం ఉందా?"

సెట్టులో, నౌకను నడిపే గదిలో దీపాలు వెలిగి ఉన్నాయి. మధ్యలో కెప్టెన్ కుర్చీ, చుట్టూ మీటల బల్లల దగ్గర ఏడుగురు. డైరెక్టర్ ఆనికా వచ్చి అందరినీ దగ్గరికి పిలిచింది.

"చూడండి. నౌకకు మూడుసార్లు దెబ్బ తగులుతుంది. నేను 'దెబ్బ' అంటాను, కెమెరా ఊగుతుంది, మీరు ఒరుగుతారు. ఇన్నాళ్ళూ గ్రేడన్ ఎడమకే ఒరిగేవాడు, ఆ పక్క మొహం బాగుంటుందని. అందుకే మూడేళ్ళుగా శత్రువులందరూ కుడివైపు నుంచే కొట్టారు. అది మర్చిపోండి. ఇవాళ్టి నుంచి లార్న్ ఎటు ఒరిగితే అటు. కళ్ళు అతని మీదే ఉంచండి."

నౌక కదలదు. అది చెక్కా ఇనుమూ. కదిలేది మనుషులే. ఎనిమిది ఒళ్ళు ఒక్కసారిగా ఒకే వైపు పడితేనే చూసేవాడికి నౌక ఊగినట్టుంటుంది. ఒక్కడు ఎదురు ఒరిగాడా, అంతరిక్షం కాస్తా అట్టపెట్టె అయిపోతుంది.

లార్న్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నౌక నడిపే పాత్రలో ఉన్న జోసలిన్ వంగి, "కుర్చీ వెచ్చగా ఉందా, కెప్టెన్ గారూ?" అంది.

"కాలుతోంది."

"గ్రేడన్ దాని కింద చూయింగ్ గమ్ అంటించేవాడు. చేయి పెట్టకు."

"రిహార్సల్," అంది ఆనికా. "దెబ్బ."

లార్న్ తల అలవాటుగా కెప్టెన్ కోసం తిరిగింది. మూడేళ్ళుగా మూల బల్ల దగ్గర నుంచి చూసినట్టే, కెప్టెన్ భుజం ఎటు పోతుందో చూద్దామని. అక్కడ కెప్టెన్ లేడు. అక్కడ తనే ఉన్నాడు. జోసలిన్ వైపు చూశాడు. జోసలిన్ అతని వైపు చూస్తోంది. ఏడుగురూ అతని వైపే చూస్తున్నారు. కెమెరా ఊగిపోతోంది, దీపాలు మినుకుమంటున్నాయి, పొగ గుప్పుమంది. ఎనిమిది మంది మాత్రం బస్సు కోసం ఆగినవాళ్ళలా నిటారుగా కూర్చున్నారు.

"సారీ," అన్నాడు లార్న్.

"సారీ, నాదే తప్పు," అంది జోసలిన్.

"లేదు లేదు, సారీ," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. ఎనిమిది మందీ ఒకరికొకరు సారీలు చెప్పుకోవడం పూర్తయ్యేదాకా ఆనికా ఓపిగ్గా ఆగింది. తర్వాత పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. లార్న్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కెమెరాల వెనక వేసిన కుర్చీల వైపు చూశాడు. చానెల్ ఆయన వచ్చేశాడు. తడిసిన కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వడం లేదు.

రెండోసారి. "దెబ్బ."

ఈసారి లార్న్ ఒరిగాడు. కానీ ఒరిగే ముందు, రెప్ప వేసేంత సేపు, జోసలిన్ భుజం తుమ్మబోతున్నట్టు కుడికి కదిలింది. అతను దాని వెంట కుడికి వెళ్ళాడు. అప్పటికే నలుగురు, ఆమెను చూడడానికి అతని తల ఎడమకు తిరగడం చూసి, ఎడమకు పడ్డారు. మధ్యలో ఇద్దరు గుద్దుకున్నారు. ఎవరి చెవి యంత్రమో దొర్లుకుంటూ కెప్టెన్ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

"బ్రహ్మాండం," అంది జోసలిన్ నుదురు రుద్దుకుంటూ. "శత్రువులు అక్కర్లేదు, మనకి మనమే చాలు."

దీపాలు సర్దుతున్నారు. లార్న్ లేవకుండా అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు జరిగింది అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు యార్క్‌టన్ చర్చిలో, ప్రార్థన మధ్యలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవాలో తెలిసేది కాదు. ముందు వరసలో పిన్ని గౌను అంచు చూస్తూ ఉండేవాడు. అంచు లేస్తే లేచేవాడు. ఎవరికీ తెలియనంత తక్కువ ఆలస్యం. అందరూ, అబ్బాయి ఎంత బుద్ధిమంతుడో అనేవారు. అప్పటి నుంచీ బతుకంతా ఎవరో ఒకరి గౌను అంచు వెంటే నడిచింది. రబ్బరు కింద ఆ ఆలస్యం గంభీరంగా కనిపించేది. ఓర్వెన్ ఆలోచించి కదులుతాడు అని రాసేవారు పత్రికల్లో. ఓర్వెన్ ఆలోచించలేదు. పక్కవాళ్ళని చూశాడు.

ఇది తెలియగానే కుంగిపోవాల్సింది. విచిత్రంగా, ఒంట్లో ఏదో జివ్వుమంది. ఎక్కడ దురద పెడుతోందో ఇన్నేళ్ళకి వేలికి దొరికినట్టు.

ఆనికా వచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏమవుతోంది?"

"ఎటు ఒరగాలో తెలియడం లేదు."

"ఎటైనా ఒరుగు."

"అంటే, ఏది సరైన వైపో..."

"లార్న్. క్షిపణి లేదు. శత్రువు లేడు. నౌకే లేదు." ఆనికా చేత్తో కుర్చీని తట్టింది. బోలుగా మోగింది. "సరైన వైపని ఒకటి ముందే ఎక్కడో ఉందని, నీకొక్కడికే చెప్పలేదని అనుకుంటున్నావు. ఎక్కడా లేదు. నువ్వు పడ్డాకే అది సరైన వైపు అవుతుంది."

"నేను తప్పు పడితే?"

"నీ వెంట ఏడుగురు పడతారు. అప్పుడది తప్పెలా అవుతుంది? గురుత్వాకర్షణ అవుతుంది." లేచి నిలబడి గొంతు తగ్గించింది. "చానెల్ ఆయన భోజనానికి ముందే వెళ్ళిపోతాడట. ఇక రిహార్సల్ లేదు. టేక్ తీస్తాను. పరవాలేదా?"

"పరవాలేదు," అన్నాడు లార్న్. గొంతు అంత గట్టిగా వస్తుందని అతనే అనుకోలేదు. రెండు బల్లల అవతలివాళ్ళు తలెత్తి చూశారు.

విన్నీ వచ్చి పౌడరు కుంచెతో నుదురు అద్దింది. "చెమట పడుతోంది."

"ఉండనీ."

"కనపడుతుంది."

"కనపడనీ, విన్నీ."

ఆమె కుంచె దించి ఒక్క క్షణం అతన్ని చూసింది. పొద్దుటి నుంచీ చూస్తున్న మొహమే. "సరే అయితే," అని పక్కకు తప్పుకుంది.

నిశ్శబ్దం అన్నారు. తలుపులు మూశారు. పైకప్పు మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. కెమెరాల వెనక కుర్చీలో చానెల్ ఆయన కోటు పక్కన పెట్టి ముందుకు వంగడం కంటి కొసన కనిపించింది. మొహం మీద చల్లగాలి ఆడుతోంది. ఆ చల్లదనం ఎంత బాగుందంటే, ఇది పెదవుల మీద తెలిసిపోతోందేమో అనిపించింది. తెలియనీ. ఎదురుగా పెద్ద తెర ఉంది, నల్లగా, ఖాళీగా. తర్వాతెప్పుడో దాని మీద నక్షత్రాలు అతికిస్తారు. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. అందులోకే చూశాడు.

తన డైలాగు వంతు వచ్చింది. "అందరూ పట్టుకోండి," అన్నాడు. ఓర్వెన్ గొంతుతో కాదు, యార్క్‌టన్ గొంతుతో.

ఎడమ పక్కన జోసలిన్ ఊపిరి బిగబట్టింది. ఆమె భుజం కనిపించేంత దగ్గర్లోనే ఉంది. కళ్ళు అటు జరగబోయాయి. ఆపాడు.

"దెబ్బ," అంది ఆనికా.

ఎవరి వైపూ చూడకుండా, లార్న్ కుడివైపుకు పడ్డాడు.